మూడో ప్రకటన

పెండ్లికూతురు తన పెండ్లి ప్రకటన తన చెవులతో వినకూడదట. ఈ నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తాండూరు గుడిలో ఒక్కరూ చెప్పలేరు గానీ, ఈ పెండ్లికి ఆటంకం ఎరిగినవాళ్ళు చెప్పండి అంటూ పాదిరయ్య ఆ ప్రకటన చదివే మూడు ఆదివారాలూ పిల్ల ఇంట్లోనే కూర్చోవాలని మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే మార్త తన తల్లి వెనకాల గడప దాటి లోపలికి వచ్చి, ఆడవాళ్ళ వైపు నేల మీద కూర్చోగానే, ఎత్తుకున్న పాట చరణం మధ్యలో తడబడి మళ్ళీ దారిన పడింది. ముందు వరుసలోని చంద్రవ్వ వెనక్కి తిరిగి ఎగాదిగా చూసి పక్కామె చెవిలో ఏదో ఊదింది. ఊదుకోనీ. నా పేరు పైకి చదువుతారు, నా ఊరు చదువుతారు, చచ్చిపోయిన నా తండ్రి పేరు చదువుతారు, ఊరందరూ వింటారు, నేను వింటే మాత్రం అరిష్టమా అని మార్త లోపల పళ్ళు కొరికింది. కింద బండ చల్లగా తగిలింది. బయట ఫాల్గుణం ఎండ అప్పుడే చురుక్కుమంటున్నా ఈ నేల మాత్రం నీళ్ళకుండ అడుగులా చల్లగా ఉంటుంది. నీలం కలిసిన బూడిద రంగు బండలు, అంచుకు అంచు వెంట్రుక దూరకుండా పరిచినవి. గడప దగ్గరి బండ మీద ఏసుదాసు కానుక అని చెక్కి ఉంటుంది, ఆ అక్షరాలు తొక్కకుండా అందరూ ఒక అడుగు పక్కకు వేసి వస్తారు. మార్త ఇవాళ పక్కకు వేయలేదు. చూసే తొక్కింది, తొక్కాక కాలు కాలిందేమీ లేదు.

ఆ ఏసుదాసు మగవాళ్ళ వైపు ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి లాల్చీ, ఎండకు కమిలి ముడతలు పడిన మెడ. బండల గనిలో మేస్త్రీగా మొదలై గుత్తేదారుగా ఎదిగిన మనిషి, భార్య పోయి రెండేళ్ళు, మార్త కన్నా పదిహేనేళ్ళు పెద్ద. మంచివాడు. ఎవరిని అడిగినా అదే మాట, తాగడు, కొట్టడు, గుడి తప్పడు. మంచివాడైతే పెండ్లాడాల్సిందేనా, లోకంలో మంచివాళ్ళు ఇంకా ఉన్నారు, అందరినీ వరసపెట్టి చేసుకుంటూ పోవాలా. మొదటి ఆదివారమూ రెండో ఆదివారమూ మార్త వికారాబాదులో, తను పాఠాలు చెప్పే మిషను ఆడపిల్లల బడి హాస్టలు గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. తాండూరు గంట వికారాబాదుకు వినపడదు, అయినా ఆ వేళకు చెవులు గింగురుమన్నాయి. ఎవరూ ఆటంకం చెప్పలేదని రెండుసార్లూ కబురు వచ్చింది. ఇవాళ కూడా ఎవరూ నోరు విప్పకపోతే గురువారం పెండ్లి, ఆ తర్వాత ఎవరు ఏడ్చినా నవ్వినా ఒకటే. నిన్న ప్యాసింజరు బండి ఎక్కి, తాండూరులో దిగి, తల్లి ఉండే పెద్దేముల్ చేరిందే గానీ, ఎందుకు వస్తోందో తనకే సరిగా తెలియదు. పొద్దున తల్లి అడిగితే "ఇంట్ల ఒక్కదాన్ని కూసుండి ఏం జెయ్యాలె అవ్వా, నేను గూడ వస్త" అని మాత్రం అంది. నోరు తెరవడానికి వచ్చిందో, నోరు మూసుకుని ఉండగలనో లేదో చూసుకోవడానికి వచ్చిందో ఇంకా తేలలేదు. కోపమైతే ఉంది, మస్తుగా ఉంది, పొయ్యి మీద మరిచిపోయిన ఎసరులా మూత ఎగరేస్తోంది.

కోపం ఎవరి మీద. ముందు ఈ బండల మీదే అనుకుందాం. క్రిస్మసు దాటిన వారానికి ఎడ్లబండ్లు వరసగా పెద్దేముల్ వాడలోకి వచ్చి తన తల్లి భీమమ్మ గుడిసె ముందు ఆగాయి. బండ్ల నిండా నున్నటి తాండూరు బండలు. మొగుడు పోయిన ముసలామె చలికి మన్ను నేల మీద పడుకుంటోంది, సంఘం పెద్దగా చూసుకోవడం నా ధర్మం అని ఏసుదాసు కబురు. పనివాళ్ళు వంగి పరిచి వెళ్ళారు. గోడలు మట్టివే, పైకప్పు గడ్డిదే, కింద మాత్రం షావుకారు ఇంటి నేల. ఆ రోజు నుంచి భీమమ్మకు తుడవడమే పని. కోళ్ళను లోపలికి రానివ్వడం మానేసింది, ఎప్పుడైనా ఒకటి దూరితే గోళ్ళు జారి చతికిలబడుతుంది, వాడంతా వచ్చి చూసి నవ్వుతారు. పూర్వం ఈ వైపు కులాల్లో పిల్లను తీసుకుపోయేవాడు పిల్ల తల్లిదండ్రులకు ఓలి ఇచ్చేవాడు, పైకమో, ఎద్దో, జొన్నలో, ఎవరి తాహతును బట్టి వాళ్ళు. మిషను వాళ్ళు వచ్చి ఓలి పాపమన్నారు, తీసుకున్న ఇంటి పెండ్లి గుడిలో జరగదన్నారు. పైకం కాదు, ఎద్దు కాదు, గింజలు కాదు, కాబట్టి బండలు ఓలి కాదని తల్లి నమ్మింది, పాదిరయ్య నమ్మాడు, ఇచ్చిన ఏసుదాసు కూడా నమ్మినట్టే ఉన్నాడు. కొన్నాళ్ళకు పాదిరయ్య వచ్చి అదే నేల మీద కుర్చీ వేయించుకుని "ఇష్టమేనా తల్లీ" అని అడిగాడు. మార్త తన తల్లి పాదాల వైపు చూసింది. మడమలు పగిలి, ఆ బీటల్లో ఒక జీవితకాలపు పొలం మన్ను ఇరుక్కున్న పాదాలు. ఆ చల్లటి బండ మీద వేళ్ళు విప్పుకుని హాయిగా ఉన్నాయి. వాటిని చూశాక నోరు పెగల్లేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు, మిగతా సగం పాదిరయ్య తనే కలుపుకుని వెళ్ళిపోయాడు.

పాట అయిపోయింది, ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు. మార్తకు కళ్ళు మూస్తే చాలు వికారాబాదు బంగళా వరండా వస్తుంది, బడి నడిపే దొరసానమ్మ పేము కుర్చీ వస్తుంది, లాంతరు చుట్టూ పురుగులు వస్తాయి. ఆ ఏడు, పోలీసు చర్యకు ముందటి నెలల్లో, రజాకార్ల భయానికి పొద్దు గూకకముందే బంగళా గేటుకు గొలుసు పడేది. బయటికి పోయే దారి లేదు. అప్పుడే దొరసానమ్మ బీరువా తెరిచి తన పాత ఇంగ్లీషు నవలలు బయటికి తీసింది. ఇరవై ఏళ్ళ మార్తకు ఇంగ్లీషు బాగుపడాలని ఒక పుట తను చదివి, ఒక పుట మార్త చేత చదివించేది. తోలు అట్టలు, పురుగు కొట్టిన అంచులు, కర్పూరం వాసన. మొదట్లో ఎంత బాగుండేవో. పొగమంచు, గుర్రపు బండ్లు, పెద్ద పెద్ద ఇళ్ళు, టీ తాగుతూ తియ్యగా ఒకరినొకరు గిచ్చుకునే ఆడవాళ్ళు. ఈ రాత్రి ఏ ఊరు తగలబడుతుందో అని ఊరంతా వణుకుతుంటే, వీళ్ళిద్దరూ సముద్రాల అవతల ఎవతెకు ఎవడు దొరుకుతాడా అని బెంగపెట్టుకున్నారు. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది.

రెండు మూడు పుస్తకాలు అయ్యాక గానీ అసలు సంగతి తట్టలేదు. మగవాడు కథలోకి అడుగు పెట్టకముందే వాడి రాబడి అడుగు పెడుతుంది. ఫలానా పెద్దమనిషికి ఏడాదికి ఇన్ని పౌన్లు అని ముందు చెప్పి, వాడి ముక్కూ మొహం తీరిగ్గా తర్వాత చెబుతారు. ఆస్తి లేని ఆడపిల్లకు రెండే దారులు, పెండ్లి చేసుకోవాలి, లేదా ఎవరి ఇంట్లోనో చేరి వాళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించాలి. అక్షరాలు దిద్దించడమంటే ఆ కథల్లో బతుకు చెడిపోయినట్టు లెక్క, ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఎవరు వచ్చి చేసుకుపోతారా అని ఎదురుచూస్తుంటుంది. అక్కడికి వచ్చేసరికి మార్తకు ఒళ్ళు మండేది. తను చేసేది అదే కదా. వాడలో మొదటి టీచరమ్మ తనే కదా, కలుపు తీసే చేతుల్లోకి బలపం రావడానికి ఎన్ని తరాలు పట్టిందో ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు తెలుసా. ఉన్నట్టుండి ఆ కథల్లో వాన వస్తుంది, పిల్ల తడుస్తుంది, జ్వరం పడుతుంది, జ్వరం దిగేలోగా పెండ్లి కుదురుతుంది. జొన్నచేలో రోజంతా తడిసిన మా అవ్వకు ఎన్ని జ్వరాలు రాలేదు, ఏ పెద్దమనిషి గుర్రం దిగి వచ్చాడు. ఒక నవలలో తమ్ముడి చదువు కోసం ఒక పిల్ల ఉన్ని మిల్లు ముసలాయనను చేసుకుంటుంది. దొరసానమ్మ ఆ పుట దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎంత త్యాగశీలి అంది. మార్త మాత్రం మిల్లు ముసలాయన పోయాక ఆ ఇల్లు ఎవరికి వెళ్ళిందో చూద్దామని పుటలు ముందుకు తిప్పింది. మరిదికి వెళ్ళింది.

ఒకసారి ఆగలేక అడిగేసింది కూడా. అంతకు ముందు రోజే దొరసానమ్మ వాడకు పోయి, ఎవరింట్లోనో ఓలి తీసుకున్నారని విని, ఆడవాళ్ళందరినీ నిలబెట్టి చీవాట్లు పెట్టి వచ్చింది. ఆవిడ తెలుగు మిషను పుస్తకాల తెలుగు, కోపంలో కూడా ఒక్క అక్షరం జారదు. "ఆడపిల్లలను పశువులవలె అమ్ముకొనుట మహా పాపము మార్తా, మీ జనులకు ఎన్ని పర్యాయములు చెప్పితిని" అంటుంటే, మార్త ఒళ్ళో ఉన్న నవల వైపు చూసి, ఇందులో ఏడాదికి ఇన్ని పౌన్లు అని చూసి పిల్లను ఇస్తున్నారు కదా దొరసానమ్మా, అది ఓలి కాదా అంది. ఇక్కడ మొగవాడు ఇస్తాడు, అక్కడ ఆడపిల్ల సొమ్ము తీసుకుపోవాలి, బేరం రెండు చోట్లా ఉంది కదా అంది. దొరసానమ్మ మొహం ఎర్రబడింది. "అది వేరు" అంది. ఆ రోజు పుస్తకం అక్కడితో మూసేసింది. గురివింద గింజ తన నలుపు ఎరగదని మనవాళ్ళు ఊరికే అనలేదు. అయినా ఆ పుస్తకాల మీద మార్తకు కోపం పూర్తిగా లేదు, అదే చిత్రం. రాసినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది, పైకి నవ్విస్తూ కింద సూదులు పరిచారు. పుటల నడుమ వాళ్ళు కూడా తనలాగే పళ్ళు కొరుకుతున్న చప్పుడు మార్తకు వినపడేది. చివరికి వచ్చేసరికి మాత్రం అందరికీ పెండ్లి చేసేవాళ్ళు. ఏం చేస్తారు, వాళ్ళకూ వేరే ముగింపు దొరికి ఉండదు.

ఆమెన్ అన్నారు. చీరలు సర్దుకున్న చప్పుడు, ఎవరి గాజులో బండకు తగిలిన చప్పుడు. పాదిరయ్య ప్రసంగం మొదలుపెట్టాడు, గుణవతి అయిన భార్య గురించి ఏదో. కావాలనే ఎంచుకున్నాడు కాబోలు. ఏసుదాసు తల ఆడిస్తున్నాడు. కూర్చున్న చోటనే వేలి కణుపుతో పక్క బండను ఓ దెబ్బ కొట్టి చూశాడు, అలవాటు. బండ ఖంగుమంటే గట్టిది, బొద్దుమంటే లోపల పగులు ఉన్నట్టు. మొన్న మాఘంలో పిల్లను చూడటానికి బంగళాకు వచ్చినప్పుడూ కుర్చీలో కూర్చోకముందే వంగి వరండా నేలను కొట్టి చూశాడు. ఆ తర్వాత మార్త వైపు చూశాడు. తనను కూడా ఎక్కడైనా కొట్టి చూస్తాడేమోనని మార్తకు అనిపించింది. పాపం, అలాంటివాడు కాదు. దొరసానమ్మ టీ తెప్పించి లోపలికి వెళ్ళాక, కప్పు రెండు చేతులా పట్టుకుని, నేల చూస్తూ మాట్లాడాడు. "మా రాహేలు బతికినన్ని దినాలు గనిల రాయి మోసింది. ఆ దుమ్ముకే దగ్గు పట్టి పోయింది. నిన్ను మొయ్యనియ్య. బడి గిడి బంద్ జెయ్యి. ఇంట్ల కూసుండబెడ్త, రాణి లెక్క కూసో." ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది అబద్ధపు నీరు కాదు, మార్త చూసింది. చనిపోయిన భార్యకు పెట్టాల్సిన కుర్చీ ఇప్పుడు తనకు వేస్తున్నాడు. కానీ కుర్చీ ఎవరిది, ఎక్కడ వేయాలో ఎవరు చెబుతారు, లేవాలంటే ఎవరిని అడగాలి. నేను నిలబడి పని చేసేదాన్నయ్యా, నల్లబోర్డు ముందు పొద్దంతా నిలబడేదాన్ని, నాకు కాళ్ళు నొప్పి అని నీకెవరు చెప్పారు. ఇదంతా అనాలనుకుంది. "సరే, చూస్త" అంది. ఆ సరే తలుచుకుంటే ఇప్పుడు తన మీదే కోపం వస్తుంది, ఈ గుడిలో ఉన్న అందరి మీదా కలిపి రానంత.

దొరసానమ్మకైతే చెప్పరాని సంతోషం. ఈ ఎండాకాలంలో ఆవిడ తన దేశం వెళ్ళిపోతోంది, ఇక రాదు, ముసలిదైంది. నీవు ఒక ఇంటిదానవైతే నాకు నిశ్చింత, దేవుడు నా ప్రార్థన ఆలకించెను అని మార్త చేతులు పట్టుకుంది. అప్పుడు మార్త అడిగింది, మీరెందుకు చేసుకోలేదు దొరసానమ్మా అని. ఇన్నేళ్ళలో అడగని మాట. ఆవిడ బీరువా వైపు చూసి, చిన్నపిల్లలా నవ్వింది. ఒక పాదిరి అడిగెను, మా నాయన ఒప్పుకొనెను, ఇల్లు కూడ చూపించిరి, చాల చీకటి ఇల్లు, నేను ఓడ ఎక్కితిని అంది. నేను ఓడ ఎక్కితిని. ఆ మాట ఆవిడ నోటి నుంచి ఎంత తేలికగా వచ్చిందో. నలభై ఏళ్ళ కిందట ఒక చీకటి ఇల్లు వద్దనుకుని సముద్రం దాటిన మనిషి, నిలబెట్టుకున్న బడి, తాళం వేసుకునే గది, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని సాయంత్రాలు తను అనుభవించిన మనిషి, ఇప్పుడు మార్తను వెలుతురు గదిలోంచి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పెండ్లి ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తోంది. నువ్వు ఎక్కావమ్మా ఓడ, నాకు ఏ ఓడ ఉంది, వికారాబాదు నుంచి తాండూరుకు ప్యాసింజరు బండి తప్ప. ఆవిడ మీద మార్తకు ప్రేమే ఉంది. ఆవిడ లేకపోతే తను ఇవాళ కంది చేలో ఉండేది. అందుకే కోపం రెట్టింపు.

పెండ్లయిన రోజుతో ఉద్యోగం సరి, అది బడి నియమం. గది ఇంకొకరికి ఇస్తారు. గదిలో ఏముంది, ఇనుప మంచం, ఒక పెట్టె, గోడకు గొడుగు. కానీ పెట్టె తాళంచెవి తన కొంగుకు ఉంటుంది, నెల మొదట్లో జీతం తన సంతకంతో తన చేతిలో పడుతుంది, అందులోంచి తల్లికి మనీ ఆర్డరు పోతుంది, మిగిలింది అడిగేవాడు లేడు. పోయిన దసరా సెలవులకు ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు వెళ్ళి, ఊరికే తిరిగి, ఒక హోటల్లో కూర్చుని చాయ్ తాగి వచ్చింది. అంతే, ఇంకేం చేయలేదు. ఆ చాయ్ తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. తమ్ముడు సుధాకరుకు ఇదంతా ఎలా అర్థమవుతుంది. వాడు అదిగో, ఏసుదాసు పక్కనే కూర్చున్నాడు, కొత్త బూట్లు బయట విప్పి వచ్చాడు. గనిలో గుమాస్తాగా పెట్టుకుంటానన్నాడట బావ, అప్పుడే బావ అయ్యాడు. పోయిన నెల వికారాబాదు వచ్చి, "అక్కా, నాకింక గా ఊరి దొరలింట్ల జీతం జేసే బాధ తప్పుతది, నువ్వు జర నవ్వుకుంట ఉండు" అన్నాడు. వాడిది తప్పని అనలేదు మార్త. వాడు ఒళ్ళు వంచి చాకిరీ చేసినవాడే. కానీ ఒకరి బాధ తప్పాలంటే ఎప్పుడూ ఇంట్లో ఆడపిల్లే ఎందుకు కదలాలి. ఆ ఉన్ని మిల్లు కథలో తమ్ముడు చదువుకుని ఏమయ్యాడో గుర్తు రావడం లేదు. వకీలయ్యాడనుకుంటా, అక్క పేరు తర్వాత పుటల్లో ఎక్కడా లేదు.

పక్కన తల్లి కాళ్ళు మార్చి కూర్చుంది, మోకాలి కీలు చప్పుడైంది. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఆ బండల మీద చాప వేసుకుని ఇద్దరూ నడుం వాల్చారు. భీమమ్మ అరచేత్తో బండను నిమురుతూ, ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా, పాత సంగతి చెప్పుకొచ్చింది. "మీ నాయిన నన్ను తెచ్చుకునేటప్పుడు మా అయ్యకు ఎద్దును ఓలి ఇచ్చిండు. ఎద్దు యాడిది, దొర తాన తెచ్చిందే. గా బాకీకి మీ నాయిన దొరింట్ల జీతముండి చాకిరి జేసె. ఆయనొక్కని జీతంతోని తెగుతదా, నేను గూడ పోయి కలుపు దీసిన. నువ్వు కడుపుల పడ్డంక గూడ తీసిన. నా ఓలి నేనే కట్టుకున్న బిడ్డా" అని నవ్వింది. బాధగా కాదు, తమాషాగా. మార్తకు నవ్వు రాలేదు. తనకు పెట్టిన వెలను తనే వంగి వంగి తీర్చిన మనిషి పక్కన పడుకుని, పైన గడ్డి కప్పు చూస్తూ, ఆ ఎద్దును తలుచుకుని మార్త లోపల ఉడికిపోయింది. అవ్వా, మరి గీ బండలేంది అని అడగబోయింది. భీమమ్మ అప్పటికే నిద్రపోయింది, చెంప బండకు ఆనించి. జీవితంలో మొదటిసారి చల్లటి చోట పడుకున్న ముసలిదాన్ని లేపి ఆ మాట ఎలా అడుగుతారు.

ప్రసంగం అయిపోయింది. ఎప్పుడైందో మార్త గమనించలేదు. కానుకల సంచులు పట్టుకుని పెద్దలు ఇద్దరు లేచి సిద్ధంగా నిలబడ్డారు. పాదిరయ్య పుస్తకంలోంచి మడిచిన కాగితం తీసి, కళ్ళజోడు సవరించుకుని, మార్త కూర్చున్న వైపు ఓసారి ఇబ్బందిగా చూసి, చదివాడు. తాండూరు సంఘస్థుడును, భార్య చనిపోయినవాడునైన ఏసుదాసునకును, పెద్దేముల్ కాపురస్థుడు కీర్తిశేషుడైన నర్సప్ప కుమార్తెయు, కన్యకయునైన మార్తకును వివాహము జరుగనైయున్నది, ఇది మూడవ ప్రకటన, ఇందుకు ఆటంకము ఎరిగినవారెవరైనను ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెను. ఇక్కడ అలవాటు ప్రకారం కాస్త ఆగుతాడు, ఆ ఆగినంతసేపు అందరూ దగ్గుకుంటారు, పసిపిల్లను సముదాయించుకుంటారు. ఈ మాటకు ఎవరైనా జవాబు చెప్పగా ఈ గుడిలో విన్నవాళ్ళు లేరు. అరికాళ్ళ కింద బండ చల్లగా ఉంది. అరికాళ్ళ కింద. అప్పుడు తెలిసింది మార్తకు, తను లేచి నిలబడి ఉందని.

"నాకున్నదయ్యగారూ."

దగ్గులు ఆగిపోయాయి. పాదిరయ్య కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏందమ్మా?"

"ఆటంకం."

"కూసో బిడ్డా. ఇది పెండ్లిపిల్ల చెప్పేది గాదు, ఎవరన్న పరాయోళ్ళు చెప్పేది."

"అందర్నీ అడిగిన్రు గద. నేను గూడ గుడిలనే ఉన్న."

పాదిరయ్య మెల్లగా, బడిలో మొద్దు పిల్లను అడిగినట్టు అడిగాడు. "ఆయనకు బతికున్న భార్య ఉన్నదా?" లేదంది. "మీకు దగ్గరి రక్తసంబంధమా?" కాదంది. "నీకు ఇంకెవరితోనన్న మాట అయ్యిందా?" కాలేదంది. "మరేంది తల్లీ?"

"నాకు ఇష్టం లేదు."

ఎవరో నిట్టూర్చారు. పాదిరయ్య మొహంలో నిజంగా జాలి కనిపించింది. "అది ఆటంకం గాదు తల్లీ" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎవరి మీదో తేలక తిరుగుతున్న మార్త కోపం ఆ మాటతో వచ్చి ఒక చోట నిలబడింది. "గదే ఆటంకం అయ్యగారు" అంది, తరగతిలో చివరి వరుసకు వినపడేట్టు చెప్పే గొంతుతో. "గా మాట ఆటంకం గాకపోతే ఇంకేదీ గాదు. గనిల పని బంద్ పడదు, బడి బంద్ పడదు, ఎవల ఇల్లు కూలదు. నాకు ఇష్టం లేదు. ఇంతకుముందు చెప్పకపోవుడు నా తప్పు, ఇప్పుడు చెప్తున్న."

మగవాళ్ళ వైపు సుధాకరు తల వంచుకున్నాడు. ఏసుదాసు లేచాడు. అతనికి కోపం రాలేదు, ఏదీ అర్థం కాని మనిషిలా చేతులు రెండూ విప్పి చూపించాడు. "ఇష్టం లేకుంటే ముందే చెప్పాలె గద మార్తమ్మా" అన్నాడు. "బండలు గూడ వేయిస్తి."

ఆ మాట అన్నాక అతనికే తెలిసినట్టుంది ఏమన్నాడో. పాదిరయ్య చూపు తిప్పుకున్నాడు. గుడి నిండా ఉన్న మనుషులు ఒక్కసారిగా తమ కింది నేలను చూసుకున్నారు. ఓలి అని ఎవరూ అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. చంద్రవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మార్త ఎటూ చూడలేదు, తల్లి వైపు అసలే చూడలేదు, చూస్తే ఆ పాదాలు కనపడతాయని భయం. పక్కన మోకాలి కీలు చప్పుడైంది. ఒక చెయ్యి తన భుజం మీద బరువుగా పడింది, ఆ భుజాన్ని ఊతం చేసుకుని భీమమ్మ పైకి లేస్తోంది. ఆమె గుడిలో నిలబడి మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"తీస్కపో నాయినా" అంది ఏసుదాసుతో, పెద్దకొడుకుతో మాట్లాడినట్టు. "రేపే బండ్లు పంపు. మన్ను అలుకుడు నేనేం మర్వలే. నా ఓలికి నేను కలుపు దీసిన. నా బిడ్డ తియ్యది."

పాదిరయ్య కాగితాన్ని మడవాలో, ఇంకోసారి చదవాలో తెలియక అలాగే పట్టుకుని ఉన్నాడు. "కూసోండమ్మా, ఇద్దరు కూసోండి, ప్రార్థన జేస్కుందాం" అన్నాడు.

మార్త కూర్చోలేదు.